ఇంట్లో గుంటడికి ఎవరివో మాటలు వినబడుతున్నాయంటే మనం ఏం చెయ్యాలి

మాది పలాస దగ్గర పల్లె. మా తమ్ముడు చెన్నైలో సెంట్రింగ్ పనికెళ్ళి 21 ఏళ్ళకి ఇంటికొచ్చేశాడు, వచ్చినోడు ఫోన్‌ని తువ్వాలుతో చుట్టి బియ్యం డబ్బాలో అడుగుకి తోసేశాడు. "అప్పా, ఆ టవర్ మీంచి నా గురించే మాటాడుతున్నారు, నీకు వినబడట్నేదా?" అన్నాడు. మేం నవ్వాం. తర్వాత అమ్మ చిల్లంగి అంది, ఎవరో చెప్పారని ఒకాయన దగ్గర తాయెత్తులు కట్టించి, కోళ్ళు కోయించి ఎనిమిది నెలలు పోగొట్టాం. అది స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బని తర్వాత తెలిసింది. మీరు అన్నాళ్ళు పోగొట్టుకోకూడదనే ఇది రాస్తున్నా. గుడికెళ్తే వెళ్ళండి, నేనేం వద్దనను, కానీ అదే వారంలో డాక్టర్ దగ్గరికి కూడా వెళ్ళండి.

ముందు ఏం కనిపెట్టాలి అంటే, ఒక్కసారిగా ఏమీ మొదలవదు. రాత్రుళ్ళు నిద్రుండదు, ఫ్రెండ్స్‌ని మానేస్తాడు, చదువో పనో తేడా కొడుతుంది. ఆ తర్వాత ఎవరూ లేకుండా మాటలు వినబడడం, అన్నంలో ఏదో కలిపారనో టీవీలో తన గురించే చెప్తున్నారనో గట్టిగా నమ్మడం, ఒక మాటకీ ఇంకో మాటకీ పొంతన లేకపోవడం. ఇవి అందరికీ కనబడతాయి. కనబడనిది ఇంకోటుంది, స్నానం చెయ్యడు, మొహంలో నవ్వూ ఏడుపూ ఏదీ ఉండదు, పొద్దంతా గోడ చూస్తూ కూర్చుంటాడు. దీన్ని మనం బద్ధకం అంటాం, మా నాన్న అయితే చెప్పుతో కొట్టాడు కూడా, అది కూడా జబ్బేనని మాకు రెండేళ్ళకి గానీ తెలీలేదు. మగపిల్లలకి ఎక్కువగా 18 నుంచి 25 మధ్యలో వస్తుంది, ఆడపిల్లలకి కాస్త ఆలస్యంగా. సినిమాల్లో చూపించినట్టు ఒక మనిషిలో ఇద్దరుండడం కాదిది, అది వేరే జబ్బు. తల్లి పెంపకం వల్ల వచ్చేది కూడా కాదు.

డాక్టర్ అంటే సైకియాట్రిస్ట్, మానసిక జబ్బులు చూసే డాక్టర్. శ్రీకాకుళంలో మనం రిమ్స్ అనే పెద్దాసుపత్రిలో ఆ విభాగం ఉంది, విజయనగరం వైపు వాళ్ళకి నెల్లిమర్ల మిమ్స్, బాగా ముదిరితే విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాల. ఎవరినడగాలో తెలీకపోతే టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14416కి కొట్టండి, డబ్బుల్లేవు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

స్కాన్ తీస్తే తెలిసిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. తెలీదు. స్కిజోఫ్రెనియాని పట్టే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. అయినా పరీక్షలు రాస్తారు, ఎందుకంటే థైరాయిడ్, బి12 తక్కువవడం, ఫిట్స్, మెదడులో ఇన్‌ఫెక్షన్, గంజాయి, తాగుడు వీటివల్ల కూడా ఇలాగే అవుతుంది, అవి కాదని తేల్చుకోవాలి. గంజాయి సంగతి దాచకండి, పరువు పోద్దని మేం దాచాం, డాక్టర్‌ని తప్పుదారి పట్టించినట్టయింది. లక్షణాలు కనీసం ఒక నెల గట్టిగా ఉండాలి, అమెరికా వాళ్ళ లెక్కలో అయితే మొత్తం మీద తేడా ఆరు నెలలుండాలి, అందుకే మొదటిరోజే పేరు చెప్పకపోవచ్చు, కంగారు పడి డాక్టర్‌ని మార్చెయ్యకండి. మీరు చెయ్యాల్సింది ఒక నోటుపుస్తకం. ఏ తేదీన ఏమన్నాడు, ఎన్ని గంటలు పడుకున్నాడు, అంతకుముందు ఎలా ఉండేవాడు. ఓపీలో దొరికేది పది నిమిషాలు, అందులో అమ్మ ఏడుస్తూ కూర్చుంటే అసలు విషయం చెప్పేవాళ్ళే ఉండరు.

మందులు తప్పవు. ఆ వినబడే మాటలు తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. చేతులు వణుకుతాయి, బరువు పెరుగుతారు, షుగర్ చూపించుకుంటూ ఉండాలి, ఇవన్నీ డాక్టర్‌కి చెప్తే మారుస్తారు, చెప్పకుండా మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. మాత్ర మింగనంటే నెలకోసారి వేసే ఇంజెక్షన్ ఉందేమో అడగండి.

ఇక మాటలతో చేసే వైద్యం. మా వైపు దీన్ని కౌన్సిలింగ్ అనేస్తారు గానీ "ధైర్యంగా ఉండు బాబూ" అని చెప్పి పంపడం కాదిది. సీబీటీ అంటారు, అంటే ఆలోచననీ చేసే పనినీ మెల్లగా మార్చుకోడం నేర్పే వైద్యం, బ్రిటన్ గైడ్‌లైన్ ప్రకారం కనీసం 16 సార్లు కూర్చోవాలి, మాకు నెలకోసారే దొరికింది, అదే చేశాం. ఆ వైద్యం చేసిన ఆవిడ మా వాడిని "టవరూ లేదు ఏమీ లేదు" అనలేదు. ఏ టైంలో గట్టిగా వినబడుతుంది, అప్పుడు నువ్వేం చేస్తుంటావు, అన్నం తినకు అని ఆ గొంతు చెప్తే ఒకరోజు తిన్నావు కదా, ఏమైంది? ఇలా అడిగేది. సాయంత్రం ఒక్కడే ఉన్నప్పుడే గట్టిగా వస్తుందని వాడే కనిపెట్టాడు. ఆ టైంలో ఇయర్‌ఫోన్స్‌లో పాట పెట్టుకోవడం, పైకి ఏదో ఒకటి చదవడం, కొట్టుకెళ్ళి రావడం మొదలెట్టాడు. మాటలు పూర్తిగా పోలేదు, కానీ వాటి మాట వినడం తగ్గించాడు.

దీంట్లో ఇంట్లోవాళ్ళకి కూడా పాఠం ఉంది. 1950ల్లో లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే పరిశోధకుడూ, ఆయనతో పనిచేసినవాళ్ళూ చూస్తే, ఆసుపత్రి నుంచి తల్లిదండ్రుల దగ్గరికో భార్య దగ్గరికో వెళ్ళినవాళ్ళకంటే అద్దె గదికో అన్నదమ్ముల ఇంటికో వెళ్ళినవాళ్ళే బాగున్నారంట. తర్వాత తేలింది ఏంటంటే నస, తిట్లు, అతి ప్రేమ, ఇవి ఎక్కువైన ఇంట్లో జబ్బు తిరగబెడుతుంది. మా అమ్మ ఇరవై రెండేళ్ళోడికి ముద్దలు కలిపి పెట్టేది, అది కూడా తగ్గించమన్నారు.

మాట్లాడేటప్పుడు వాదించొద్దు, అలాగని ఔనని తలూపొద్దు. "నాకు వినబడట్లేదురా, కానీ నీకు వినబడుతుంటే భయంగానే ఉంటది, ఇలా వచ్చి కూర్చో" అంటే చాలు. మేం ఒకసారి టవర్ దగ్గరికి తీసుకెళ్ళి చూపించాం, వాడి నమ్మకం ఇంకా గట్టిపడింది.

చచ్చిపోమని ఆ గొంతు చెప్తోందంటే, లేదా ఎవరినైనా కొట్టమంటోందంటే ఆగకండి, మనిషిని ఒంటరిగా వదలకండి, పురుగులమందు, కత్తిపీట దాచెయ్యండి, 108కి కొట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. గొలుసులతో కట్టెయ్యడం మాత్రం వద్దు, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అది నిషేధం.

ఇప్పుడు జీడిపప్పు గ్రేడింగ్‌కి సగం పూట వెళ్తున్నాడు. పనిలో పెట్టేముందు ఆ కౌన్సిలింగ్ ఆవిడ చిన్న చిన్నవి చేయించింది, టీ కొట్టులో టీ అడిగి తాగడం, బస్సులో టికెట్ తనే తీసుకోవడం. రెండు రాత్రులు వరసగా నిద్రపోకపోతే మూడో రోజుకి డాక్టర్ దగ్గరుంటాం, మా వాడికి తిరగబెట్టే ముందు అదే గుర్తు.

ఇంకోటి, జబ్బు ఎక్కువ కాలం ఉండి వైకల్యం 40 శాతమో ఆపైనో ఉందని తేలితే సదరం సర్టిఫికెట్, అంటే వికలాంగుల సర్టిఫికెట్ వస్తుంది, పెన్షన్‌కి అదే ఆధారం. మొదటి రోజు నుంచీ ఓపీ చీటీలన్నీ ఒక ఫైల్లో పెట్టండి, మావి మొదటి ఏడాదివి వానకి తడిసిపోయి, మళ్ళీ అన్నీ రాయించుకోడానికి నాలుగుసార్లు తిరిగాం.