పిట్టల కోసం, సీతాకోకల కోసం పెరట్లో ఒక వాక పొద

వాక్కాయ పప్పు రుచి ఎరిగినవారు చాలామందే ఉన్నా, ఆ కాయ కాచే పొదను ఇంటి దగ్గర పెంచుకునేవారు ఇప్పుడు అరుదు. ముళ్లకు భయపడి కొందరు దానిని నాటరు. కంచెగా నాటినవారిలో ఎక్కువమంది నెలనెలా చదునుగా కత్తిరించి, పూత రావడం లేదని బాధపడతారు. వాక కొమ్మల చివర్లలోనే పూస్తుంది. కనుక చివళ్లను కత్తిరించిన పొదలో పూవూ ఉండదు, పండూ ఉండదు, దానిని వెతుక్కుంటూ వచ్చే పిట్టా ఉండదు.

ఇది గన్నేరు కుటుంబానికి చెందిన మన నేల మొక్క. దీని దగ్గరి చుట్టం కలివి, రాళ్లగుట్టల మీద ఎవరూ నాటకుండానే పెరుగుతుంది. అంతరించిపోయిందనుకున్నాక 1986లో కడప జిల్లాలో మళ్లీ కనిపించిన కలివి కోడి పేరులో ఉన్నది ఆ పొద పేరే.

గింజతో పెంచదలచినవారు బాగా నల్లబడిన పండ్లను పిసికి, గుజ్జు పోయేదాకా కడిగి, ఒక రోజు నీడన ఆరబెట్టి వెంటనే విత్తుకోవాలి, ఎందుకంటే నిలవ ఉంచిన గింజకు మొలకశక్తి త్వరగా పోతుంది. కొమ్మ ముక్కలు అంత సులువుగా వేరు తొడగవు కాబట్టి, మంచి చెట్టు నుంచి మొక్క కావాలంటే వానకాలంలో గాలి అంటు (కొమ్మ చెట్టుకు ఉండగానే దానికి వేళ్లు పుట్టించే పద్ధతి) కట్టడం మేలు. పచ్చళ్ల కోసం తోటలు వేసేవారు పంత్ మనోహర్, పంత్ సుదర్శన్ వంటి రకాలను ఎంచుకుంటారు గాని, పిట్టల కోసమైతే గింజ మొక్క చాలు.

తొలకరి పడగానే, రోజులో ఎక్కువసేపు ఎండ తగిలే చోట, అడుగున్నర లోతు, అంతే వెడల్పు గల గొయ్యి తీసి, పైమట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నాటాలి. గరప నేల, రాతి నేల, కొద్దిగా చౌడు ఉన్న నేల కూడా దీనికి పనికివస్తాయి. నీరు నిలిచే పల్లం మాత్రం పనికిరాదు. కంచెగా అయితే మొక్కకూ మొక్కకూ మూడు నాలుగు అడుగులు, విడిగా అయితే చుట్టూ ఆరడుగులు వదలాలి. ముళ్లు జంటలుగా, అంగుళానికి పైగా పొడవుంటాయి కనుక పిల్లలు నడిచే దారికి దూరంగా నాటడం తప్పనిసరి. మొదటి రెండు వేసవుల్లో వారానికొకసారి పాదు నిండా నీరు పోస్తే, తర్వాత అది తన బతుకు తాను చూసుకుంటుంది.

గింజ మొక్క మూడో ఏటికి అటూఇటుగా పూతకు వస్తుంది. మల్లెను తలపించే తెల్లని పూవు, సన్నని గొట్టం, దాని అంచున ఐదు రేకులు. ఆ గొట్టం అడుగున ఉన్న మకరందం పొడవైన నాలుక గల సీతాకోకలకూ, సందెవేళ వచ్చే రెక్కల పురుగులకూ బాగా అందుతుంది. అందువల్ల పూత కాలంలో ఏ పురుగుమందూ చల్లకూడదు. ఆకుల మీద లావుపాటి పచ్చని గొంగళి పురుగు కనిపించినా తీసివేయవద్దు. నాలుగు ఆకులు పోయినంత మాత్రాన పొదకు వచ్చే నష్టం లేదు.

కాయ పచ్చగా ఉన్నప్పుడు పాలు కారుతుంది, ఎర్రబడి, చివరకు నల్లబడి మెత్తనవుతుంది. శ్రావణంలో ఒక ఉదయం మా పొద మీద పికిలిపిట్ట ఒకటి పండును కొమ్మకు ఉండగానే పొడిచి పొడిచి, తొడిమె దగ్గర చిన్న తొక్క ముక్క మాత్రం మిగిల్చి పోయింది. అప్పటినుంచి మేము పప్పుకు కింది కొమ్మల పచ్చికాయలే కోసుకుంటున్నాము, పైకొమ్మలను ముట్టడం లేదు.

కత్తిరింపు ఏడాదికి ఒక్కసారి, పండ్లన్నీ అయిపోయాక ఆశ్వయుజ కార్తీకాల్లో చేయాలి. అప్పుడైతే ఫాల్గుణంలో పూతకు కావలసిన కొత్త చివళ్లు ఎదగడానికి వ్యవధి ఉంటుంది. ఎండుకొమ్మలను, దారికి అడ్డు వచ్చినవాటిని మాత్రమే తీయాలి. కత్తెర పట్టే ముందు పొద లోపలికి ఒకసారి తొంగిచూడండి. ముళ్ల మధ్య గూడు ఉంటే, పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ పని వాయిదా వేయాలి.