అక్టోబరు తుపానులకు ముందు: సహాయక పనిలోకి కొత్తగా వచ్చేవారికి జాగ్రత్తలు

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో విపత్తు సహాయక పనిలోకి ఈ ఏడే అడుగుపెడుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, తుపానుల కాలం వచ్చేసింది.

ముందు కొలువు సంగతి. 2001లో ఏర్పడిన ఒడిశా విపత్తు సహాయక దళం ఒడ్రాఫ్‌లో ఉండేది సాయుధ పోలీసులు. జాతీయ విపత్తు స్పందన దళమైన ఎన్‌డీఆర్‌ఎఫ్‌కు కేంద్ర బలగాల నుంచి డెప్యుటేషన్‌పై వస్తారు. ఆ యూనిఫాం వేసుకోవాలంటే పోలీసు, పారామిలిటరీ నియామకాలకు సిద్ధం కావాలి. ఈలోగా విపత్తు వాలంటీర్లకు ఇచ్చే ‘ఆపద మిత్ర’ శిక్షణకు అవకాశం వస్తే వదులుకోకండి.

గాలి తగ్గగానే జనం తేలికపడతారు. మీరు మాత్రం అప్పుడే మరింత మెలకువగా ఉండాలి. తుపాను కన్ను, అంటే దాని నడిమి భాగం, ఊరి మీదుగా పోతే గాలి ఒక్కసారిగా ఆగుతుంది, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. ఆ నడుమ ఎగిరిన రేకులు ఏరుకోవడానికి బయటికొచ్చే వాళ్లను లోపలికి పంపాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటింది పలాస దగ్గర. కానీ గజపతి జిల్లా బారఘరాలో ప్రాణాలు తీసింది వానకు విరిగిపడిన కొండచరియ. వాలు కింద ఇళ్లున్న ఊళ్లేవో వాన మొదలవకముందే రాసి పెట్టుకోండి.

వంశధార, నాగావళి పొంగినప్పుడు ఈత వచ్చన్న ధీమా పనికిరాదు. మోకాలి లోతు వరద చాలు, మనిషి కాళ్లు తేలిపోవడానికి. నడుముకు తాడు ముడేసుకుని ప్రవాహంలోకి అస్సలు దిగొద్దు. తాడు బిగుసుకుంటే నీటి వేగమే మనిషిని కిందికి నొక్కేస్తుంది, ఒడ్డున ఎంతమంది లాగినా పైకి రాలేడు. ఒడ్డునే ఉండి వెదురుగడ అందించండి, మూత బిగించిన ఖాళీ డబ్బాకు తాడు కట్టి విసరండి. పడవ, లైఫ్‌జాకెట్ ఉన్న బృందం వచ్చేదాకా ఆగడం పిరికితనం కాదు.

తెగిన కరెంటు తీగను ముట్టొద్దు. ఊరంతా చీకటిగా ఉన్నా ఎవరింటి జనరేటరు నుంచో కరెంటు తిరిగి లైనులోకి రావచ్చు. లైన్‌మన్ చెప్పాకే చెట్టు నరకండి.

షెల్టరుకు రమ్మంటే ముసలివాళ్లు పశువుల్ని వదలరు. విసుక్కోకండి. పలుపులు విప్పేయమనండి, కట్టు లేని పశువు మెట్టకు చేరుతుంది. ఈ మాట మనవాళ్లకు తెలుగులో, పక్క వీధికి ఒడియాలో, కొండ ఊళ్లలో సవరలో చెప్పగలిగేవాళ్లు బృందంలో ఉండాలి.

ధనుర్వాతం ఇంజెక్షన్ ముందే వేయించుకోండి. 112, 108 నంబర్లు కాగితం మీదా రాసి పెట్టుకోండి. డ్యూటీకి వెళ్లేముందు మీ అమ్మానాన్నలను మీరే షెల్టరులో దించి రండి.