మొదటి హై పెర్ఫార్మెన్స్ పీసీ: పార్టులు ఒకదానికొకటి సరిపోతాయో లేదో రైలెక్కే ముందే చూసుకోవడం ఎలా?

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఉండే మన తెలుగువాళ్లలో గేమింగ్‌కో వీడియో ఎడిటింగ్‌కో గట్టి పీసీ కావాలనుకునేవాళ్లు చాలామంది అటు భువనేశ్వరో ఇటు వైజాగో వెళ్తారు, లేదంటే ఆన్‌లైన్‌లో ఒక్కో పార్టూ ఒక్కో చోట తెప్పించుకుంటారు. పెద్ద సిటీలో ఉన్నవాళ్లకి ఏదైనా సరిపోకపోతే సాయంత్రం వెళ్లి మార్చుకుంటే అయిపోతుంది. మనకి అలా కాదు, మళ్లీ రైలెక్కాలి, ఈలోగా రిటర్న్ గడువు కాస్తా దాటిపోతుంది. కాబట్టి డబ్బు కట్టకముందే ప్రతి పార్టూ మిగతావాటితో సరిపోతుందా అని కాగితం మీద చూసుకోవాలి. ఒక్క సాయంత్రం కూర్చుంటే అయిపోయే పని ఇది.

ముందు పని, తర్వాత పార్టులు

ఏం చేయబోతున్నారో రాయండి. గేమ్స్ అయితే మీ మానిటర్ రిజల్యూషన్ కూడా రాయాలి, ఎందుకంటే 1080పీకి సరిపోయే గ్రాఫిక్స్ కార్డు 1440పీలో ఆయాసపడుతుంది. గేమింగ్ పీసీలో ఎక్కువ డబ్బు గ్రాఫిక్స్ కార్డుకే పోవాలి. వీడియో ఎడిటింగ్, త్రీడీ పని, ఇంజనీరింగ్ సాఫ్ట్‌వేర్ అయితే ప్రాసెసర్ కోర్లకీ ర్యామ్‌కీ కూడా గట్టిగా పెట్టాలి. ఏఐ మోడళ్లు ఇంట్లోనే నడపాలనుకునే కుర్రాళ్లు కార్డు వేగం కంటే ముందు దాని మెమరీ ఎన్ని జీబీలో చూడాలి.

ప్రాసెసర్, బోర్డు: సాకెట్ ఒకటే కావాలి

బోర్డు అంటే మదర్‌బోర్డు, దాని మీద ప్రాసెసర్ కూర్చునే చోటే సాకెట్. ఏఎండీలో ఇప్పుడు నడుస్తున్నది ఏఎం5, అందులో రైజెన్ 7000, 8000, 9000 సిరీస్‌లు కూర్చుంటాయి. పాత ఏఎం4లో రైజెన్ 5000 వరకే. ఇంటెల్‌లో 12, 13, 14 జనరేషన్లు ఎల్‌జీఏ1700 మీద, 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200 సిరీస్ ఎల్‌జీఏ1851 మీద కూర్చుంటాయి. ఒక సాకెట్‌ది ఇంకో సాకెట్‌లో పట్టదు, బలవంతంగా నొక్కితే పిన్నులు వంగుతాయి.

మొదటిసారి కొనేవాళ్లకి నేను ఏఎం5 వైపే చెప్తాను. రేపు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే దారి దానికి ఉంది, ఏఎం4 చవగ్గా దొరికినా అక్కడితో ఆగిపోయింది.

సాకెట్ కలిస్తే సరిపోదు, బోర్డులో ఉన్న బయాస్ (ఆన్ చేయగానే మొదట నడిచే బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) ఆ ప్రాసెసర్‌ని గుర్తుపట్టాలి. ఏఎం5 సాకెట్ ఉన్న బీ650 బోర్డులు రైజెన్ 9000 కంటే ముందే వచ్చాయి కాబట్టి షాపులో చాలాకాలంగా ఉన్న పీస్‌లో పాత బయాస్ ఉండొచ్చు, అప్పుడు కొత్త ప్రాసెసర్ పెట్టినా స్క్రీన్ రాదు. బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో సపోర్ట్ పేజీలో ప్రాసెసర్ల లిస్టు, పక్కనే ఏ బయాస్ వెర్షన్ నుంచి నడుస్తుందో ఉంటుంది, అది చూడండి. వెనకాల బయాస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు తీసుకుంటే ప్రాసెసర్ పని చేయకపోయినా పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేసుకోవచ్చు. షాపుకి దూరంగా ఉండే మనకి ఈ ఒక్క బటన్ చాలా విలువైనది.

ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్ దాని పెట్టెలోనే వస్తుందా అనేది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. రైజెన్ 5 7600తో వస్తుంది, 7600ఎక్స్‌తో రాదు. ఇంటెల్‌లో కే అక్షరం ఉన్నవాటితో రాదు, ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, అంటే విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా మానిటర్‌లో బొమ్మే రాదు.

ర్యామ్

ఏఎం5కీ ఎల్‌జీఏ1851కీ డీడీఆర్5 మాత్రమే. ఎల్‌జీఏ1700లో కొన్ని బోర్డులు డీడీఆర్4, కొన్ని డీడీఆర్5, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి బోర్డు పేరు చివరిదాకా చదవాలి. రెండు ర్యామ్‌లకీ 288 పిన్నులే, కానీ మధ్యలో గాటు వేరే చోట ఉంటుంది. పర్లాకిమిడిలో మా బంధువుల అబ్బాయికి ఒక షాపువాడు బీ650 బోర్డుతో డీడీఆర్4 ర్యామ్ కట్టబెట్టాడు, తీరా ఇంటికొచ్చి చూస్తే స్లాట్‌లో దిగదు. పాపం సెలవులన్నీ ఆ మార్పిడికే పోయాయి.

16 జీబీ ఒక్క కర్ర కంటే 8 జీబీ రెండు మేలు, ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య ఉండే రెండు ఛానెళ్లూ (దారులూ) పని చేస్తాయి. ఈ రోజుల్లో గట్టి పీసీకి 16 రెండు, మొత్తం 32 జీబీ అంటే నిశ్చింత. ఏఎం5కి 6000 వేగం, సీఎల్30 (సీఎల్ అంటే స్పందించడంలో ఆలస్యాన్ని చెప్పే అంకె, తక్కువైతే మేలు) ఉన్న కిట్ బాగా కుదురుతుంది. తర్వాత ఇంకో రెండు పెడదాంలే అని లెక్క వేసుకోకండి, నాలుగు డీడీఆర్5 కర్రలు పెడితే వేగం తగ్గించి నడపాల్సి వస్తుంది.

గ్రాఫిక్స్ కార్డూ క్యాబినెట్టూ: టేపు తీసి కొలవండి

కార్డు పొడవు ఎన్ని మిల్లీమీటర్లో కంపెనీ పేజీలో ఉంటుంది, క్యాబినెట్ పేజీలో ఎంత పొడవు కార్డు పడుతుందో ఉంటుంది. క్యాబినెట్ ముందువైపు ఫ్యాన్లో లిక్విడ్ కూలర్ రేడియేటరో బిగిస్తే ఆ ఖాళీ ఇంకా తగ్గుతుంది. కూలర్ ఎత్తుకీ ఇదే లెక్క. బోర్డు సైజుల్లో ఏటీఎక్స్ 305 బై 244 మిల్లీమీటర్లు, మైక్రో ఏటీఎక్స్‌లో పెద్దది 244 బై 244. చిన్న బోర్డు పెద్ద క్యాబినెట్‌లో పడుతుంది, పెద్దది చిన్నదాంట్లో పట్టదు.

ముందంతా అద్దం బిగించిన క్యాబినెట్లు ఫొటోల్లో బాగుంటాయి. కానీ మే నెలలో బరంపురం ఉక్క ఎలా ఉంటుందో మీకు తెలుసు. ముందు జాలీ ఉండి, కడిగి పెట్టుకోగలిగే డస్ట్ ఫిల్టర్ ఉన్నదే తీసుకోండి.

ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై): ఇక్కడ పిసినారితనం వద్దు

షాపులో బడ్జెట్ దాటిందంటే మొదట కత్తెర పడేది దీనిమీదే, "ఇది కూడా 650 వాట్సే సార్" అని పేరు తెలియని డబ్బా ఒకటి ఇస్తారు. ఒప్పుకోకండి. అన్ని పార్టులకీ కరెంటు ఇచ్చేది ఇదే, ఇది పాడైతే మిగతావాటిని కూడా తీసుకుపోగలదు.

లెక్క ఇలా వేయండి. రైజెన్ 5 7600 గట్టిగా పని చేసినప్పుడు దాదాపు 88 వాట్లు లాగుతుంది. ఆర్‌టీఎక్స్ 5070 కార్డుకి 250 వాట్లు. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నింటికీ కలిపి 100 అనుకుందాం. మొత్తం 438. గ్రాఫిక్స్ కార్డులు లిప్తపాటు తమ లెక్కకి మించి లాగుతాయి కాబట్టి పైన ఖాళీ ఉంచాలి, ఈ కార్డుకి ఎన్‌విడియా చెప్పేది కూడా 650 వాట్ల సప్లైయే. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనే ముద్రలు కరెంటు ఎంత వృథా అవుతుందో చెప్తాయి గానీ లోపలి నాణ్యతకి పూర్తి హామీ కాదు, దానికి వారంటీ ఎన్నేళ్లో, ఆ మోడల్‌ని విప్పి పరీక్షించినవాళ్లు ఏమన్నారో చూడాలి.

కార్డుకి మామూలు 8 పిన్ కావాలా, కొత్త 16 పిన్ కావాలా అన్నది రాసుకోండి. 16 పిన్ ఐతే ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 అని రాసి ఉన్న సప్లై (ఇది బోర్డు సైజు కాదు, సప్లై ప్రమాణం) తీసుకుంటే సాధారణంగా కేబుల్ దాంతోనే వస్తుంది. దాన్ని చివరిదాకా, క్లిప్పు పడేదాకా నొక్కాలి, సగం దూరిన కనెక్టర్లు కరిగిన సంఘటనలు ఉన్నాయి. ఒక కంపెనీ మాడ్యులర్ (సప్లై నుంచి ఊడదీయగలిగే) కేబుల్ ఇంకో కంపెనీ సప్లైకి ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి, చివర్లు ఒకేలా ఉన్నా లోపల వైర్ల వరస వేరు, ఎస్‌ఎస్‌డీలు కాలిపోవచ్చు.

ఇక మన కరెంటు సంగతి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఎన్నాళ్లు చీకట్లో ఉన్నామో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు, తుపాను లేని రోజుల్లో కూడా గాలివానకి లైను పోయి వచ్చి పోతుంటుంది. యూపీఎస్ కూడా బడ్జెట్‌లో రాసుకోండి. పెట్టె మీద వీఏ (వోల్ట్-ఆంపియర్) అంకె చూసి మోసపోవద్దు, అది వాట్లు కాదు, మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్ల దగ్గర, పైన లెక్క వేసిన పీసీ గేమ్ మధ్యలో ఉంటే అది నిలబడదు. 1000 వీఏ అయితే సాధారణంగా 600 వాట్లు, ఆ మేరకి పర్లేదు, మానిటర్‌ని కూడా కలిపి చూసుకోండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది ప్యూర్ సైన్ వేవ్ రకమా, వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందా చూడండి, లేకపోతే కరెంటు మారే ఆ క్షణంలో పీసీ రీస్టార్ట్ అవుతుంది.

పాత ఇళ్లలో మూడో పిన్ను రంధ్రం ఉంటుంది, దాని వెనక ఎర్త్ ఉండదు. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుందంటే కారణం ఎక్కువగా అదే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటర్ పెట్టించండి, రెండు మూడు వోల్టులు దాటకూడదు. పీసీ రాకముందే చేయించాల్సిన పని ఇది.

ఎస్‌ఎస్‌డీ

వేగంగా నడిచే ఎన్‌విఎంఈ రకం, 2280 సైజు (22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు), 1 టీబీ తీసుకోండి. ఇది బోర్డు మీదున్న ఎం.2 అనే సన్నని స్లాట్‌లో కూర్చుంటుంది, అదే ఎం.2 ఆకారంలో సాటా (హార్డ్‌డిస్కులు వాడే పాత కనెక్షన్) రకం కూడా ఉంటుంది, అది నెమ్మది, లేబుల్ చదవండి. కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 స్లాట్ వాడితే ఒకటి రెండు సాటా పోర్టులు ఆగిపోతాయి, పాత హార్డ్‌డిస్కులు తగిలించాలనుకుంటే మాన్యువల్ చూడండి.

కొనే రోజు

లిస్టులో పూర్తి మోడల్ పేరు ఉండాలి, ఒక్క అక్షరం తేడా వచ్చినా అది వేరే వస్తువు. "అదే సార్, సేమ్" అని ఇంకోటి చూపిస్తే అక్కడే ఫోన్‌లో కంపెనీ పేజీ తెరిచి సాకెట్, ర్యామ్ రకం, పొడవు చూడండి. జీఎస్‌టీ బిల్లు అడగండి, ప్రతి పార్టు సీరియల్ నంబరూ అందులో రాయించుకోండి, మీ దగ్గర్లో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఎక్కడుందో అడగండి. వీలైతే షాపులోనే బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ కలిపి స్క్రీన్ వచ్చేదాకా ఉండండి. ఆన్‌లైన్ పార్సిల్ అయితే సీలు తెంపకముందు నుంచే వీడియో తీయండి.

రైల్లో తెచ్చేటప్పుడు బరువైన గ్రాఫిక్స్ కార్డూ టవర్ కూలరూ బోర్డుకి బిగించి ఉంచొద్దు, విడిగా వాటి పెట్టెల్లోనే తీసుకురండి. ఇంట్లో బిగించాక మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకి పెట్టాలి, బోర్డుకి కాదు. ఏఎం5 మొదటిసారి ఆన్ చేస్తే ర్యామ్‌ని సరిచూసుకుంటూ కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉంటుంది. టెన్షన్ పడి స్విచ్ ఆపేయకండి. బొమ్మ వచ్చాక బయాస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయండి, అది చేయకపోతే 6000 ర్యామ్ కొన్నా తక్కువ వేగంతోనే నడుస్తుంది.