సీ. ఎలిగన్స్‌ను చూడటం నేర్చుకుందాం – 4వ పాఠం: గుడ్డు ఏ వైపు నుంచి వచ్చింది?

పోయిన పాఠంలో గుడ్డు పెడుతున్న సీ. ఎలిగన్స్ (మైక్రోస్కోప్‌లో చూసే చిన్న నులిపురుగు) బొమ్మ గీయమన్నాను. వచ్చిన బొమ్మల్లో కొన్నింటిలో గుడ్డు పురుగు "ఎడమ పక్క" నుంచి వచ్చిందని రాశారు, కొన్నింటిలో "కుడి పక్క" అని. రెండూ కాదు. గుడ్లు లెక్కపెట్టడం తర్వాత చూద్దాం, ముందు ఇది తేలాలి.

ప్లేటు, ఫోకస్ సంగతి మీకు తెలిసిందే.

అగార్ (ప్లేటులోని జెల్లీ) మీద ఈ పురుగు బోర్లా పాకదు, పక్కకు ఒరిగి పాకుతుంది. అది మెలికలు తిరుగుతుంటే మనకు కుడి ఎడమలకు ఊగినట్టు కనిపిస్తుంది. నిజానికి అది ఒకసారి వీపు వైపు, ఒకసారి పొట్ట వైపు వంగుతోంది. అంటే మీకు కనిపించే రెండు అంచుల్లో ఒకటి వీపు, రెండోది పొట్ట. దాని కుడి, ఎడమ పక్కల్లో ఒకటి మీ కంటి వైపు, మరొకటి అగార్ వైపు ఉంటాయి. గుడ్డు వచ్చే వల్వా పొట్ట అంచున, ఒంటికి దాదాపు సగంలో ఉంటుంది. తోక దగ్గర అదే అంచున ఉన్న రంధ్రం మలద్వారం, గుడ్డుకు దానితో పని లేదు.

మరి మీ కంటి వైపు ఉన్నది ఏ పక్క? మీ ఎదుట ఒక మనిషి మీ కుడిచేతి వైపు ముఖం పెట్టి నిలబడితే మీకు కనబడేది అతని కుడి పక్కే. ఇక్కడా అంతే. బొమ్మలో తల పైకి ఉండి వల్వా కుడి అంచున ఉంటే, మీ వైపు ఉన్నది కుడి పక్క. వల్వా ఎడమ అంచున ఉంటే ఎడమ పక్క. తల కుడివైపు, వల్వా కింది అంచున ఉంటే? కాగితాన్ని తల పైకి వచ్చేలా తిప్పండి, వల్వా కుడికి వస్తుంది, కాబట్టి కుడి పక్కే. మైక్రోస్కోప్ బొమ్మను తలకిందులు చేసినా ఈ లెక్క మారదు, అది తిప్పడమే కదా. ఫోన్ కెమెరా అద్దంలోలా తిరగేసి చూపిస్తే మాత్రం మొత్తం తారుమారవుతుంది. ఆ సెట్టింగ్ ఇప్పుడే ఆపేయండి.

అనుమానం ఉంటే పెద్ద లెన్స్‌తో చూడండి. గుడ్లు తయారయ్యే బీజకోశానికి రెండు భుజాలుంటాయి: ముందరి భుజం పేగుకు కుడివైపు, వెనకది ఎడమవైపు ఉంటాయి. ముందు సగంలో పైనుంచి ఫోకస్ దించుతుంటే పేగు కన్నా ముందు బీజకోశం కనబడితే, పైన ఉన్నది కుడి పక్క.

తలను కదలికను బట్టి పోల్చుకోవద్దు, ఇది వెనక్కి కూడా బాగా పాకుతుంది. సన్నగా, మొనదేలి ఉన్నది తోక. నేనైతే ముందు వల్వానే వెతుకుతాను. మొదటిసారి చూసేవాళ్లు నాలుగో లార్వా దశ (పెద్దది కాబోయే ముందు దశ) పురుగును పట్టుకోండి: నడుమ వల్వా ఏర్పడే చోట తెల్లటి అర్ధచంద్రం, అందులో నల్లటి చుక్క, ఇట్టే దొరుకుతుంది.

అభ్యాసం: ఒకే పెద్ద పురుగును అరగంట వదలకుండా చూడండి. గుడ్లు గుంపులుగా వస్తాయి: రెండు నిమిషాల పాటు వరసగా, ఆపైన సుమారు 20 నిమిషాలు ఏమీ ఉండదు, కాబట్టి మధ్యలో లేవొద్దు. ప్రతి గుడ్డుకూ తల ఎటు ఉంది, పొట్ట అంచు ఏది, పైన ఏ పక్క అని మూడూ రాయండి. తర్వాత అదే పురుగును తీగతో ఎత్తి కొత్త ప్లేటు మీద దించి, మళ్లీ మొదటి నుంచి రాయండి.