టాఫ్ లేని చోట ల్యాంప్ ఎలా చదవాలి

అమెరికాలో ఫ్లైట్ ట్రైనింగ్ చేస్తున్న మనవాళ్ళు చాలామంది టాఫ్ (ఒక ఎయిర్‌పోర్టుకి ఫోర్‌కాస్టర్ రాసే వాతావరణ అంచనా) చదివి ఆగిపోతారు. టాఫ్ లేని చిన్న ఎయిర్‌పోర్టుకి వెళ్ళాలంటే పక్క ఊరి టాఫ్‌తో సరిపెట్టుకుంటారు. ఇది నాకు అస్సలు నచ్చదు, ఎందుకంటే టాఫ్ ఆ ఎయిర్‌పోర్టు చుట్టూ 5 మైళ్ళ వరకే వర్తిస్తుంది. అలాంటప్పుడు ల్యాంప్ తెరవండి.

ఇది నేషనల్ వెదర్ సర్వీస్ గంటగంటకీ ఇచ్చే గణాంక అంచనా. వాతావరణ కంప్యూటర్ మోడల్ ఫలానాది చెప్పిన రోజుల్లో ఆ ప్రాంతంలో నిజంగా ఏం జరిగిందో ఏళ్ళ రికార్డులు చూసి సమీకరణాలు కడతారు (1972లో గ్లాన్, లౌరీ ప్రచురించిన పద్ధతే దీనికి పునాది), దానికి తాజా మెటార్ (ఎయిర్‌పోర్టులో ఇప్పుడున్న వాతావరణ రిపోర్ట్) కూడా కలిపితే ల్యాంప్.

డిసెంబర్‌లో ఉదయం 9కి కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో దిగాలనుకుందాం. అక్కడ టాఫ్ ఉంది, కానీ చలికాలంలో ఆ లోయలో కమ్మే ట్యూలీ అనే దట్టమైన పొగమంచుకి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. ముందు టైమ్ మార్చుకోండి: 9 అంటే 17 జూలూ (యూటీసీ టైమ్). ల్యాంప్ బులెటిన్ గంటకో కాలమ్ ఉండే పట్టిక, అందులో 16, 17, 18 మూడు కాలమ్‌లూ చూడండి, ఒక్కదాన్నే చూడొద్దు.

సీఐజీ వరుస సీలింగ్ (ఆకాశాన్ని కప్పేసిన మబ్బుల కింది ఎత్తు), వీఐఎస్ విజిబిలిటీ (ఎంత దూరం కనిపిస్తుందో). అవి అడుగులు, మైళ్ళు కావు, కేటగిరీ నంబర్లు. సీఐజీ 2 అంటే 200 నుంచి 400 అడుగులు, 3 అంటే 500 నుంచి 900, 4 అంటే 1000 నుంచి 1900. వీఐఎస్ 1 అంటే అర మైలు కంటే తక్కువ. ఎప్పుడూ ఆ కేటగిరీలోని తక్కువ విలువనే (200 నుంచి 400 అయితే 200) లెక్కలోకి తీసుకోండి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. 4 అని రాసి ఉంటే 4 ఖాయమని కాదు, ప్రతి కేటగిరీకీ ఉన్న అవకాశాన్ని ఒక హద్దుతో పోల్చి ఆ నంబర్ వేస్తారు, కాబట్టి 3కి కూడా గట్టి అవకాశమే ఉండొచ్చు. అందుకే ప్రాబబిలిటీలు ఇచ్చే బులెటిన్ కూడా తెరవండి. సీసీజీ, సీవీఎస్ వరుసలు వాన లేదా స్నో పడితే సీలింగ్, విజిబిలిటీ ఎలా ఉంటాయో చెబుతాయి, పడకపోతే వాటిని వదిలేయండి.

తర్వాత వరసగా మూడు గంటల బులెటిన్లు పక్కపక్కన పెట్టండి. పొగమంచు వీడే టైమ్ ప్రతిసారీ ఇంకా ఆలస్యమవుతుంటే నమ్మకం తగ్గించుకోండి. మెటార్ కూడా చూడండి, సెన్సర్ తప్పు చెబితే మొదటి కొన్ని గంటల ల్యాంప్ కూడా తప్పుతుంది. ముందురోజు వాన పడి, రాత్రి ఆకాశం తేటగా ఉండి, గాలి లేకపోతే నంబర్ ఎంత బాగున్నా నేనైతే పొగమంచు ఉందనే అనుకుంటాను.

ల్యాంప్‌ని ఫోర్‌కాస్టర్ సరిదిద్దడు, పూర్తిగా ఆటోమేటిక్. అందుకే టాఫ్ ఉన్నచోట దాని పక్కన పెట్టుకుని చదవాలి గానీ దాని బదులు కాదు. రెండూ కలవకపోతే టైమ్ మధ్యాహ్నానికి మార్చుకుని, బయల్దేరడానికి గంట ముందు కొత్త బులెటిన్ మళ్ళీ చూడండి. ట్యూలీ పొగమంచు కొన్నిసార్లు రోజంతా వీడదు, అప్పుడు ఆ రోజు ఫ్లైట్ మానేయండి.