త్రెషర్ అన్న మాటకు అర్థం తేల్చుకోవడం ఎలా

ఇంగ్లీషు నుంచి తెలుగు చేసేటప్పుడు త్రెషర్ అన్న మాట ఎదురైతే, నిఘంటువులో ముందు కనిపించిన అర్థాన్ని రాసేయకుండా, ఆ వాక్యం పొలంలో ఉందో సముద్రంలో ఉందో చూసుకోండి.

పక్కన పైరు, గింజ, పొట్టు, ట్రాక్టరు ఉంటే అది నూర్పిడి యంత్రం. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి చేలలో శనగ నూర్పిళ్లు చూసినవారికి దీన్ని వివరించనక్కరలేదు: ఎండిన శనగ మొక్కలను ఒకవైపు నుంచి అందిస్తుంటే, లోపల గిర్రున తిరిగే డ్రమ్ము కాయలను చితక్కొడుతుంది, జల్లెడ గుండా గింజ కిందికి దిగుతుంది, ఫ్యాను గాలికి పొట్టు దుమ్ముతో కలిసి అవతలికి ఎగిరిపోతుంది. కల్లంలో ఎడ్లతో తొక్కించడం, గాలివాటం చూసి తూర్పారబట్టడం అనే రెండు పనులూ అక్కడ ఒకేసారి జరుగుతాయి. దీన్ని కోత మిషన్ అని మాత్రం రాయకండి. నెల్లూరు వరి రైతులు ఆ మాటను ఎక్కువగా కోసి నూర్చే హార్వెస్టరుకు వాడుతారు.

యంత్రం వెంట వచ్చే సూచనల పుస్తకాన్ని తెలుగు చేసేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పైరును లోపలికి అందించే తొట్టిని ‘మేత గొట్టం’ అని రాసిన కాగితం ఒకటి నేను చూశాను. అది చదివిన కూలీకి చెయ్యి ఎక్కడ పెట్టకూడదో ఎలా తెలుస్తుంది? ఈ యంత్రాల వల్ల చేతులు పోతున్నాయనే మన దేశంలో 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేశారు.

స్కాట్లాండుకు చెందిన ఆండ్రూ మైకిల్ 1786 ప్రాంతంలో నూర్పిడి యంత్రాన్ని తయారుచేశాడు. అంతకు ముందరి రచనల్లో త్రెషర్ అంటే సాధారణంగా మనిషి, అంటే నూర్చే కూలీ. చలికాలపు పని పోతుందని 1830లో ఇంగ్లండు వ్యవసాయ కూలీలు ఆ యంత్రాలను పగలగొట్టారు కనుక, ఆ కాలపు రచనల్లో ఒకే పేజీలో రెండు అర్థాలూ రావచ్చు. కూలి, ఆకలి ప్రస్తావన ఉన్నచోట మనిషినే తీసుకోండి.

తోక, వల, గాలం కనిపిస్తే అది సొరచేప. దాని తోకలో పై భాగం దాదాపు మిగతా ఒళ్లంత పొడవుంటుంది; చేపల గుంపును ఆ తోకతో కొట్టి, సొమ్మసిల్లినవాటిని తింటుంది. కంకులను కర్రతో బాదినట్టు కొడుతుంది కనుకనే ఆ పేరు వచ్చింది. అయినా ‘నూర్పిడి చేప’ అంటే ఒంగోలు దగ్గరి సముద్రతీరపు ఊరు కొత్తపట్నంలో ఎవరికీ అర్థం కాదు. ‘త్రెషర్ సొర’ అని రాసి, ఒక్క ముక్కలో పొడుగు తోక సంగతి చెప్పండి.

పేరుకు ముందు యు.ఎస్.ఎస్. ఉంటే అది సాధారణంగా 1963 ఏప్రిల్ 10న అట్లాంటిక్‌లో 129 మందితో మునిగిపోయిన అమెరికా జలాంతర్గామి. దానికి ఆ సొర పేరే పెట్టారు కనుక అనువదించకుండా అలాగే ఉంచాలి. ఇంగ్లీషులో ఒక అక్షరం తేడాతో థ్రాషర్ అని ఉంటే అది అమెరికా ఖండాల పక్షి.