హార్డ్‌టెయిల్ సైకిల్ ముందు ఫోర్కు: దోషం గుర్తించడం, సరైన కొత్తది ఎంచుకోవడం

ఒడిశాలోని కోరాపుట్, రాయగడ జిల్లాల్లో హార్డ్‌టెయిల్ సైకిల్, అంటే ముందు మాత్రమే సస్పెన్షన్ ఉండే మౌంటెన్ బైక్, తొక్కేవారికి ముందు ఫోర్కు తరచూ ఇబ్బంది పెట్టే భాగం. 1,672 మీటర్ల ఎత్తున్న దేవమాలి కొండ వైపు మట్టిదారులైనా, సుంకి మీదుగా సాలూరుకు దిగే ఘాట్ రోడ్డైనా ఫోర్కుకు విశ్రాంతినివ్వవు. వానాకాలంలో ఎర్రమట్టి బురదగానూ, వేసవిలో అదే మట్టి సన్నని పొడిగానూ ఫోర్కు సీళ్ల (దుమ్ము, నీరు లోపలికి పోకుండా ఆపే రబ్బరు వలయాల) అంచుల కిందకు చేరుతుంది. మంచి ఫోర్కు కావాలంటే మనం చాలావరకు విశాఖపట్నం వెళ్లాలి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. కొలత తప్పితే దాన్ని వెనక్కి పంపడం పెద్ద శ్రమ. అందువల్ల దోషం నిజంగా ఫోర్కులోనే ఉందని ముందు తేల్చుకోవాలి, ఆ తర్వాత ఫ్రేము కొలతలు చూసి కొనాలి. కేటలాగులో నచ్చినదాన్ని కాక ఫ్రేము ఒప్పుకునేదాన్ని కొనాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

లక్షణం: బ్రేకు పట్టినప్పుడు ముందు భాగం టక్కుమంటోంది

ఈ చప్పుడు వినగానే ఫోర్కు పోయిందని అనుకోవడం సహజం, కానీ చాలాసార్లు దోషం హెడ్‌సెట్‌లో, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగుల దగ్గర, ఉంటుంది. ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపుతూ, రెండో చేతి వేళ్లను హెడ్ ట్యూబు (ఫ్రేము ముందరి పొట్టి గొట్టం) కింది అంచుకూ ఫోర్కు పైభాగానికీ మధ్య ఉన్న సందు మీద ఆనించండి. కదలిక అక్కడ తెలిస్తే హెడ్‌సెట్ వదులైంది. స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్కు గొట్టానికి కలిపే భాగం) పక్క బోల్టులు వదులు చేసి, పైనున్న టాప్ క్యాప్ బోల్టును కొద్దికొద్దిగా బిగించి, ఊగిసలాట పోయాక పక్క బోల్టులు తిరిగి బిగిస్తే ఖర్చు లేకుండా పని అయిపోతుంది.

అక్కడ కదలిక లేకపోతే వేళ్లను సీళ్ల దగ్గరకు, అంటే సన్నని పై గొట్టాలు లావైన కింది గొట్టాల్లోకి దిగే చోటికి, మార్చి మళ్లీ ఊపండి. అక్కడ స్పష్టంగా ఆట, అంటే వదులు కదలిక, తెలిస్తే గొట్టాలు జారే లోపలి బుష్‌లు అరిగాయి. పేరున్న ఎయిర్ ఫోర్కులకు, అంటే స్ప్రింగుకు బదులు గాలి ఒత్తిడితో పనిచేసేవాటికి, కింది గొట్టాల సెట్టు విడిగా దొరికే అవకాశం ఉంది. సైకిల్‌తో పాటు వచ్చే చవక స్ప్రింగ్ ఫోర్కుకు మాత్రం బుష్‌లు వెతికి మార్చే శ్రమకు కొత్త ఫోర్కు కొనడమే మేలు. ఈ రెండు చోట్లా కదలిక లేకుంటే హబ్బు బేరింగులనూ, కాలిపర్‌లో బ్రేక్ ప్యాడ్ల వదులునూ చూడాలి.

లక్షణం: ఫోర్కు కిందికి దిగడం లేదు, లేదా దిగితే పైకి రావడం లేదు

ఫోర్కు కదలకుండా ఆపే లాకౌట్ మీట మూసి ఉందేమో ముందు చూడండి. అది తెరిచే ఉండి కూడా ఫోర్కు మొరాయిస్తే, గ్రీజు ఎండిపోవడం, నీరు దిగి స్ప్రింగు తుప్పు పట్టడం సాధారణ కారణాలు. కింది గొట్టాలు విప్పి, తుడిచి, కొత్త గ్రీజు లేదా తయారీదారు చెప్పిన ఆయిల్ వేస్తే చాలా ఫోర్కులు మళ్లీ కదులుతాయి. కింది గొట్టాల సర్వీసు సుమారు 50 గంటల సవారీకి ఒకసారి చేయాలన్నది ప్రధాన తయారీదారుల సాధారణ సూచన. మన వానాకాలంలో ఆ గడువు వరకు ఆగకుండా ముందే చేయించడం మంచిదని నా అభిప్రాయం. పై గొట్టాల మీద పూత లేచి గోటికి తగిలేంత గీతలు పడి ఉంటే, కొత్త సీలు వేసినా అది కూడా త్వరలోనే కోసుకుపోతుంది. అలాంటి ఫోర్కుకు డబ్బు పెట్టవద్దు.

లక్షణం: చిన్న గుంతకే ఫోర్కు అడుగుకు తగులుతోంది

చవక స్ప్రింగ్ ఫోర్కు పైనుండే ప్రీలోడ్ మీట తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది నమ్ముతారు. అది స్ప్రింగును ముందే కొంత నొక్కి ఉంచుతుందే తప్ప దాని గట్టిదనాన్ని మార్చదు. అసలు కారణం తొక్కేవారి బరువుకు స్ప్రింగు సరిపోకపోవడం. పరీక్ష సులువు: పై గొట్టానికి ప్లాస్టిక్ జిప్ టై వదులుగా కట్టి, సీలుకు ఆనించి, నెమ్మదిగా సైకిల్ ఎక్కి, మామూలుగా కూర్చుని, ఊపకుండా దిగండి. 100 మి.మీ. ప్రయాణమున్న, అంటే అంత దూరం కిందికి దిగగల, ఫోర్కులో ఆ టై 15 నుంచి 25 మి.మీ. వరకు జరగాలి. 40 జరిగితే స్ప్రింగు మెత్తన, 5 జరిగితే గట్టి. గట్టి స్ప్రింగు విడిగా దొరకనప్పుడు ఎయిర్ ఫోర్కుకు మారడమే సరైన మార్గం, ఎందుకంటే అందులో గాలి ఒత్తిడి మార్చి 50 కిలోల విద్యార్థికీ 90 కిలోల పెద్దవారికీ ఒకే ఫోర్కును సరిపెట్టవచ్చు.

ఫోర్కు తల (రెండు పై గొట్టాలు కలిసే భాగం) దగ్గర పగులు, వంగిన గొట్టం, కింది గొట్టాల్లో చీలిక కనిపిస్తే మాత్రం సర్వీసు ఆలోచన వద్దు, ఆ సైకిల్‌ను ఆ రోజే ఎక్కడం ఆపాలి.

ఇక మార్చక తప్పదని తేలాక వచ్చే చిక్కులన్నీ కొలతలవే.

సమస్య: కొత్త ఫోర్కు గొట్టం ఫ్రేములోకి దూరదు

హెడ్ ట్యూబులోంచి పైకి వెళ్లే స్టీరర్ గొట్టం ప్రధానంగా రెండు రకాలు. నిటారు గొట్టం పై నుంచి కింది దాకా 1-1/8 అంగుళం, అంటే 28.6 మి.మీ. వ్యాసంతో ఉంటుంది. టేపర్ గొట్టం పైన అంతే ఉండి కిందికి వచ్చేసరికి అంగుళంన్నర అవుతుంది. ఇప్పటి మంచి ఫోర్కుల్లో ఎక్కువ భాగం టేపర్‌వే, మన దగ్గరి పాత సైకిళ్లలో ఎక్కువ భాగం నిటారు గొట్టానివి. అపార్థాలన్నీ ఇక్కడే పుడతాయి. పాత ఫోర్కును ఊడదీసి, కింది బేరింగు కూర్చునే పీఠాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. 30 మి.మీ. వస్తే నిటారు, 39.8 వస్తే టేపర్.

టేపర్ ఫ్రేములో నిటారు ఫోర్కు పెట్టాలంటే కింది బేరింగుకు సరిపోయే తగ్గింపు రేసు (బేరింగు కూర్చునే వలయం) వేస్తే చాలు. దానికి తిరగబడిన సందర్భమే కష్టం. హెడ్ ట్యూబు లోపలి వ్యాసం 34 మి.మీ. ఉండే పాత తరహా ఫ్రేములో టేపర్ గొట్టం ఏ ఉపాయంతోనూ పట్టదు. లోపలి వ్యాసం పైనా కిందా 44 మి.మీ. ఉంటే, కింద బయటికి పొడుచుకు వచ్చే కప్పు ఉన్న హెడ్‌సెట్ వేసి టేపర్ ఫోర్కు అమర్చవచ్చు. ఈ ఒక్క కొలత తెలియకుండా ఎవరూ డబ్బు కట్టకూడదు.

మరీ పాత సైకిళ్లలో స్టీరర్ పైభాగానికి మరలు ఉండి, స్టెమ్ లోపలికి దిగి ఉంటుంది. అక్కడ హెడ్ ట్యూబు 1-1/8 తరహాదైతే హెడ్‌సెట్, స్టెమ్ కూడా మార్చాలి. ఆ ఖర్చు కలిపి చూసుకుని నిర్ణయించుకోవాలి.

గొట్టం పొడవు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సెకండ్ హ్యాండ్ ఫోర్కు కొనేటప్పుడు పాత యజమాని ఎంత కోశారో అడిగి, మీ హెడ్ ట్యూబు, హెడ్‌సెట్, స్పేసర్లు, స్టెమ్ ఎత్తు కలిపిన మొత్తంతో పోల్చండి. ఎక్కువైతే కోయవచ్చు, తక్కువైతే ఎవరూ అతకలేరు, అతకకూడదు. బిగించిన తర్వాత గొట్టం పై అంచు స్టెమ్ లేదా పై స్పేసరు అంచుకు సుమారు 3 మి.మీ. కిందుగా ఉండాలి.

సమస్య: చక్రం, బ్రేకు కలవడం లేదు

ముందు హబ్బు క్విక్ రిలీజ్‌దైతే, అంటే మీటతో విప్పేదైతే, ఫోర్కు కొసలు 9 మి.మీ. ఇరుసుకూ 100 మి.మీ. వెడల్పుకూ తెరిచి ఉండాలి. 15 మి.మీ. త్రూ యాక్సిల్ (హబ్బులోంచి దూర్చి బిగించే లావు ఇరుసు) ఫోర్కుల్లో వెడల్పు 100 లేదా 110 ఉంటుంది. 110 వెడల్పును బూస్ట్ అంటారు. కొన్ని హబ్బులకు కొసల మూతలు మార్చుకునే వీలుంది. లేనివాటికి కొత్త హబ్బు లేదా కొత్త చక్రం తప్పదు, దాని ధర ముందే లెక్కలో వేసుకోండి.

మీది రిమ్‌ను పట్టే వి-బ్రేకు అయితే, మధ్యతరగతి ఎయిర్ ఫోర్కుల్లో దానికి కావలసిన కాడలు దాదాపు ఉండవు. డిస్కు బ్రేకు అయితే ఫోర్కు మీది బిగింపు 160 మి.మీ. డిస్కుకా 180కా చూడండి. 180కి చేసినదాని మీద 160 డిస్కు పనిచేయదు.

27.5 అంగుళాల చక్రానికి చేసిన ఫోర్కులో 29 చక్రం ఎక్కినట్లు కనిపించినా, పూర్తిగా దిగినప్పుడు టైరు ఫోర్కు తలకు తగిలి సవారీ చేసేవారిని ముందుకు విసిరేయవచ్చు. ఏ ఫోర్కు బిగించినా గాలి పూర్తిగా తీసి, అడుగు వరకు నొక్కి, టైరుకు పైన ఖాళీ మిగిలిందో లేదో చూడకుండా రోడ్డెక్కవద్దు.

సమస్య: కొత్త ఫోర్కు వేశాక సైకిల్ ఎక్కుడులో తేలిపోతోంది

80 లేదా 100 మి.మీ. ఫోర్కు తీసి 130 వేసిన సైకిళ్లు ఇలాగే అవుతాయి. ఎక్కువ ప్రయాణం ఎక్కువ మంచిదన్న భావన దీనికి కారణం. ఇరుసు మధ్య నుంచి ఫోర్కు తల వరకు ఉండే ఎత్తు 20 మి.మీ. పెరిగితే హెడ్ ట్యూబు కోణం సుమారు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది. పెడల్ ఇరుసు కొంత పైకి లేస్తుంది, ఎక్కుడులో ముందు చక్రం దారి పట్టదు. పొడవైన ఫోర్కు మీట మాదిరిగా పనిచేసి, హెడ్ ట్యూబు దగ్గరి వెల్డింగుల మీద ఒత్తిడి పెంచుతుంది. ఫ్రేము ఎంతకు రూపొందిందో ఆ ఎత్తుకే కట్టుబడాలి. తయారీదారు అనుమతిస్తే 20 మి.మీ. వరకు పెంచవచ్చు, అంతకు మించి వద్దు. పోల్చేటప్పుడు ప్రయాణం అంకెను మాత్రమే చూడకండి. ఒకే 100 మి.మీ. ప్రయాణమున్న రెండు ఫోర్కుల ఎత్తు కూడా వేరుగా ఉండవచ్చు. పాతదాని మీద బరువు పడకుండా ఉంచి ఆ ఎత్తును టేపుతో కొలిచి, కొత్తదాని వివరాల్లోని అంకెతో పక్కపక్కన పెట్టండి.

మన దారులకు ఏది తీసుకోవాలని అడిగితే, 32 మి.మీ. పై గొట్టాలున్న, 100 లేదా 120 ప్రయాణం గల, రీబౌండ్ (నొక్కిన ఫోర్కు తిరిగి పైకి వచ్చే వేగం) సవరించుకోగల ఎయిర్ ఫోర్కును సూచిస్తాను. రాక్‌షాక్స్ రీకాన్‌లోనూ, ఎస్ఆర్ సన్‌టూర్ రైడాన్‌లోనూ గాలి ఒత్తిడితో పనిచేసేవి దొరుకుతాయి. దీనితో పాటు షాక్ పంపు కూడా కొనాలి. మామూలు సైకిల్ పంపు ఈ కొద్దిపాటి గాలిగదికి పనికిరాదు, తీసేటప్పుడే ఒత్తిడి పోతుంది. రోజూ బజారుకూ బడికీ మాత్రమే తిరిగే సైకిల్‌కు, దగ్గరలో సర్వీసు చేసేవారు లేని ఊళ్లో, ఇంత ఖర్చు అవసరం లేదు. అలాంటివారికి సస్పెన్షన్ లేని గట్టి ఫోర్కు తేలికగానూ నమ్మకంగానూ ఉంటుంది. అయితే అది కూడా పాత సస్పెన్షన్ ఫోర్కు ఎత్తుకు దగ్గరగా ఉండాలి.

సమస్య: బిగించాక హ్యాండిల్ బరువుగా తిరుగుతోంది

టాప్ క్యాప్ ఎక్కువ బిగించడం, కింది రేసు పూర్తిగా కూర్చోకపోవడం, బేరింగు తలకిందులుగా పెట్టడం, ఈ మూడింటిలో ఒకటి కారణం. రేసును సుత్తితో ఒక పక్క కొట్టకుండా, సరిపోయే వ్యాసమున్న గొట్టంతో చుట్టూ సమానంగా దించాలి. టాప్ క్యాప్ పని బేరింగుల ఆట తీయడం మాత్రమే, ఫోర్కును పట్టి ఉంచేవి స్టెమ్ పక్క బోల్టులు. వాటిని స్టెమ్ మీద రాసిన మేరకు, సాధారణంగా 5 నుంచి 6 న్యూటన్ మీటర్లకు, బిగించాలి. మొదటి ఒకటి రెండు సవారీల్లో రేసు సర్దుకుని కొద్ది ఆట మళ్లీ రావచ్చు కనుక, మొదట చెప్పిన బ్రేకు పరీక్షను మరోసారి చేసి, స్టెమ్ వదులు చేసి, టాప్ క్యాప్‌ను సరిచేసుకోవాలి.